పదహారు పొలాలు, నలుగురు కూలీలు

ఏనుగును ఇచ్చి పన్నెండు పొలాలు తీసుకున్న రోజు మా తమ్ముడు రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట కంచం ముందు కూర్చుని అప్పుడు నోరు విప్పాడు. మా వైపు అక్కను అప్పా అంటారు.

"అప్పా, నీకు మతి పోనాదేటి? పొలం ముక్కలు ఊరికే ఇచ్చినా ఎవుడూ తీసుకోడు."

"భూమి ఊరికే ఇస్తే వొద్దన్నోడు మన జిల్లాలో ఉన్నాడేటిరా?" అన్నాను.

"అది అట్టముక్కే గాని భూమి కాదు గదా."

"ఏనుగు మాత్రం ఏటి, నడిచొచ్చిందా?"

వాడు అన్నం తిని లేచిపోయాడు. కానీ వాడు చెప్పిందే నిజమని తెలుసుకోవడానికి నాకు నెల రోజులు, తొమ్మిది ఓటములు పట్టాయి.

మా తమ్ముడిది శ్రీకాకుళంలో అరసవల్లి పోయే రోడ్డు మీద చిన్న ప్రెస్సు. శుభలేఖలే దానికి తిండి. నా పెనిమిటి పోయాక నన్ను తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. లేఖలు మడతపెట్టడం, కవర్లలో దూర్చడం, మూలలకు పసుపు రాయడం నా పని. మేము బాప్టిస్టు సంఘం వాళ్లం. మాకు మూఢం లేదు, మా ప్రెస్సుకు ఉంది. మూఢం వస్తే ముహూర్తాలుండవు, ముహూర్తాలు లేకపోతే యంత్రం మీద గుడ్డ కప్పి ఈగలు తోలుకోవాలి. పెద్ద తుపాను వచ్చిపోయిన మరుసటి ఏడు మూఢం గట్టిగా పట్టింది. దానికి తోడు జనం ఒక్క లేఖ అచ్చు వేయించి, దాన్ని ఫొటో తీసి ఊరంతటికీ ఫోన్లో పంపడం మరిగారు. అట్టలూ కవర్లూ గదినిండా మిగిలిపోయాయి.

తమ్ముడు వయసులో ఉండగా కొన్నేళ్లు హైదరాబాదులో ప్రెస్సు పని చేశాడు. అక్కడ ఒక ఇంగ్లీషు ముక్కలాట చూశాడట. పేకాట కాదు. ఎవరి ముక్కలు వాళ్లే కొనుక్కోవాలి, ఒకరితో ఒకరు మార్చుకోవాలి, ఎవరి కట్ట వాళ్లే కట్టుకుని పోటీకి దిగాలి. ఆ పద్ధతి మనసులో పెట్టుకుని, మన వైపు సంగతులతో తెలుగులో సొంతంగా ఒక ఆట తయారు చేశాడు. బొమ్మలు తనే గీశాడు. మిగిలిన శుభలేఖ అట్ట మీద అచ్చు వేసి, ఎనిమిదేసి ముక్కలు ఒక పెళ్లి కవరులో పెట్టి అమ్మాడు. ఏ కవరులో ఏముందో విప్పేదాకా తెలియదు. మొదట్లో చేతి అలవాటు కొద్దీ ఆ కవర్లకూ పసుపు రాసేశాను. కొన్నవాళ్లు పెళ్లెవరిదని అడిగారు.

ఆట ఇలా ఉంటుంది. ఒక్కొక్కరు నలభై ముక్కల కట్ట తెచ్చుకోవాలి. ఏ ముక్కయినా నాలుగుకు మించకూడదు. పొలానికి మాత్రం ఆ లెక్క లేదు, ఎన్నైనా పెట్టుకోవచ్చు. మొదట చేతికి ఏడు ముక్కలు. తర్వాత వంతుకొకటి తీసుకుంటూ, వంతుకొక పొలం కింద పరవాలి. ఎన్ని పొలాలు పరిస్తే ఆ వంతులో అన్ని గింజలు ఖర్చు పెట్టొచ్చు. ఆ గింజలతో మిగతావాటిని దింపాలి. కూలి మనిషికి ఒక గింజ, ఎద్దుకు రెండు, అడవిపందికి మూడు, ఏనుగుకు ఆరు. దిగినవి అవతలివాళ్ల గాదె మీద పడతాయి. అటువైపు ముక్క ఏదైనా దిగి ఉంటే, అది చచ్చేదాకా గాదె దాకా పోలేవు. గాదెలో ఇరవై కొలతలుంటాయి. దిగిన వంతు నుంచి ప్రతి వంతులోనూ కూలి మనిషి ఒక కొలత తింటాడు, ఎద్దు రెండు, అడవిపంది మూడు, ఏనుగు అయిదు. ఎవరి గాదె ముందు ఖాళీ అయితే వాళ్లు ఓడినట్టు. చచ్చిన ముక్కలు పక్కన కుప్పగా పడతాయి. ఆ కుప్పను వల్లకాడు అంటాం.

ఏనుగులు మన వైపు కొత్త కాదు. ఒడిశా కొండలు దిగి వచ్చి అరటితోటలు తొక్కి పోతుంటే చూసినవాళ్లమే. అందుకే అందరికీ ఏనుగు కావాలి. తమ్ముడు దాన్ని తక్కువ అచ్చు వేశాడు కనుక ఇంకా కావాలి. నా మొదటి కవరులోనే అది వచ్చింది. ప్రెస్సు పక్క టీ బడ్డీ దగ్గర మార్పిళ్లు జరిగేవి. అక్కడ జనం ఏనుగును చూసి లొట్టలు వేస్తున్నారు, పొలం ముక్కలతో మాత్రం బల్ల మీద ఒలికిన టీ తుడుస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లు ఊరూరా తిరిగి నాట్లు వేశాను, కోతలు కోశాను, ఒక్క సెంటు నా పేరున లేదు. వీళ్లు పొలంతో టీ తుడుస్తున్నారు. ఏనుగు ఇచ్చేసి పన్నెండు పొలాలు తీసుకున్నాను. కింద పారేసినవి కూడా ఏరుకున్నాను. తడిసిన వాటిని గోడ మీద ఆరబెట్టాను.

నా మొదటి కట్టలో ఇరవై అయిదు పొలాలున్నాయి. ఆటకు కూర్చుంటే ఏడు ముక్కల్లో అయిదు పొలాలే వచ్చేవి. పరిచేదాన్ని. మళ్లీ తీస్తే మళ్లీ పొలం. నా ముందు నేలంతా ఎకరాలు ఎకరాలు పరుచుకుని ఉండేది, దాని మీద దిగడానికి ఒక్క ప్రాణి ఉండేది కాదు. అవతలివాళ్లు ఒక్క ఎద్దుతో నా గాదె ఊడ్చేసేవారు.

లెక్కల టీచరమ్మ ఒకావిడ మాతో ఆడేది. బళ్లో పిల్లలకు చెప్పినట్టే చెప్పింది నాకూ.

"నలభైలో పదహారు పెట్టు పెద్దమ్మా. అప్పుడు చేతికి మూడు వస్తాయి, కొంచెం అటూ ఇటూ. అంతకన్నా ఎక్కువైతే అవి నీకు బరువే."

"భూమి బరువేటి తల్లీ?"

"దున్నేవాళ్లు లేకపోతే బరువు కాదేటి?"

అది నాకు తెలియనిదా? మేము రాకపోతే ఎందరి మడులు బీడు పడలేదు? అయినా చెయ్యి రాలేదు. వారానికి ఒకటి చొప్పున తీశాను. ఇరవై నాలుగు, ఇరవై మూడు. తీసిన ప్రతి పొలాన్నీ పౌడరు డబ్బాలో దాచి పెట్టి, మర్నాడు కుదురు లేక మళ్లీ కట్టలో కలిపేసేదాన్ని. పదిహేడు దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. ఆ పదిహేడోదాన్ని తీసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ వారమే మొదటిసారి గెలిచాను.

నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి. మా సంఘంలో ఆడవాళ్లకు సాయంత్రాలు చదువు చెప్పేవారు. అంతకు ముందు కొన్ని వేల శుభలేఖలు మడిచాను, ఒక్క దానిలో ఏముందో తెలియదు. నాకై నేను చదివిన మొదటి మాట లేఖ మీది "ఆహ్వానం". ఇప్పటికీ వేలు పెట్టుకుని చదువుతాను. ఒక ఆటకు అరగంటే గడువు, ముక్క ముక్కా చదువుతూ కూర్చుంటే గడువు మింగేస్తుంది. అందుకని ముందే ప్రతి ముక్కా చదివి కంఠతా పట్టేశాను. చదువు రాని రోజుల్లో నాకున్నది ఆ బలమే. ఎన్ని నారుకట్టలు పంచారో, ఎన్ని మిగిలాయో మడి గట్టు మీద నిలబడి నోటితో చెప్పేదాన్ని. ఇక్కడా అంతే. అవతలివాళ్ల వల్లకాట్లో ఎన్ని పడ్డాయో చూస్తే, కట్టలో ఏం మిగిలాయో నాకు తెలిసిపోయేది.

అలా చదువుతున్నప్పుడే కూలి మనిషి ముక్క నన్ను పట్టుకుంది. బొమ్మలో ఒక మనిషి నడుం వంచి మోపు ఎత్తుకుని ఉంటాడు. మొహం లేదు. కింద ఇలా రాసి ఉంది: "మీ వైపు ఏ ముక్క చావవలసి వచ్చినా, దాని బదులు కూలి మనిషి చావవచ్చు."

వేలు అక్కడే ఆగిపోయింది. మళ్లీ చదివాను.

"ఇది ఎవులు రాసినారు?" అన్నాను.

"నేనే," అన్నాడు తమ్ముడు, యంత్రానికి నూనె పెడుతూ.

"మనమ్మ కూలికి పోయి నిన్ను సాకినాది."

"అందుకే గదా, అప్పా. త్యాగం అని రాసినాను."

"త్యాగమని ఎక్కడుంది? సావవచ్చని ఉంది. మొహం ఎందికి నేదు?"

"అంత సిన్న ముక్కలో మొహం ఎలగ పడుద్ది?"

"ఎద్దుకి పడ్డాది."

వాడు నూనె డబ్బా కింద పెట్టి నావైపు చూశాడు. "నీకు నచ్చకపోతే గెలిచి మార్చుకో," అన్నాడు. ఆ మాట ఊరికే అనలేదు. ఏడాది చివర బొబ్బిలిలో పెద్ద పోటీ పెడుతున్నాడు. సంత రోజుల్లో అక్కడ మా కవర్లు బాగా పోయేవి, ఆడేవాళ్లూ ఎక్కువ. కప్పు కొనే స్తోమత లేక, గెలిచినవాళ్లు ఒక కొత్త ముక్క రాయొచ్చని బహుమతి పెట్టాడు. వాళ్లు రాసిన మాటను రాసినట్టే అచ్చు వేస్తానన్నాడు.

ఆ రోజు నుంచి నాకు స్థిమితం లేదు. నేను రాసిన మాట అచ్చులో పడాలి. కూలి మనిషి గురించి అందరూ చదివే మాట నాదై ఉండాలి. ఇంకేదీ అక్కర్లేదు. కవర్లు మడుస్తుంటే వేళ్లు ముక్కలు కలుపుతున్నట్టు ఆడేవి. ఆదివారం ఆరాధనలో కూర్చుంటే కాలు ఊగుతూనే ఉండేది. ప్రసంగం మధ్యలో పక్కనున్న సంఘపెద్ద భార్య నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కింది. బయటికొచ్చాక అడిగింది.

"ముసిలితనంలో ఈ పేకాటేటి నీకు?"

"పైసా పందెం నేదు. అడుగు, ఎవులినైనా."

"పందెం నేకపోతే ఎందికి ఆడతన్నావు?"

"అందికే."

ఆవిడ దేవుని వైపు చూసినట్టు పైకి చూసి వెళ్లిపోయింది.

కట్ట కట్టడమంటే కూర తాలింపు లాంటిది కాదు, చేతికొచ్చినంత వేసేయడానికి. ఎవరు ఏం తెస్తారో చూసి మనది కట్టుకోవాలి. బొబ్బిలి వైపు ఆడేవాళ్లు చాలామంది రైతులు, రైతుల ఇళ్ల వాళ్లు. వాళ్ల కట్టలన్నీ ఒకే తీరు: నాలుగు ఏనుగులు, నాలుగు పిడుగులు, నాలుగు వానలు. పిడుగు అవతలి ముక్కను ఒకదాన్ని చంపుతుంది. వాన ఆ వంతుకు రెండు గింజలు ఎక్కువిస్తుంది. వాన పడితే ఏనుగు ముందే దిగుతుంది. ఏనుగు దిగిందంటే వాళ్ల గాదె దరికి ఇంక ఏదీ పోలేదు. వాళ్లు దాని కోసం కూర్చుంటారు. ఆరు పొలాలు పరిచేదాకా ఆగుతారు.

నాకు ఆగడం చేతకాదు. ఏనుగు లేదు కూడా. కనుక ఆరో వంతు రాకముందే పని ముగించే కట్ట కట్టాను. పదహారు పొలాలు, నలుగురు కూలీలు, నాలుగు ఎద్దులు, నాలుగు పందులు, మిగతా చిల్లర. నాట్లలో మనుషులు వరసగా దిగినట్టు ఒకదాని వెనక ఒకటి దిగిపోవాలి. వాన ఒక్కటి కూడా పెట్టలేదు. టీచరమ్మ ఆశ్చర్యపోయింది.

"నాలుగు వానలు పెట్టుకోవాలి పెద్దమ్మా. అందరూ పెడతన్నారు."

"అదను తప్పి వచ్చిన వాన ఏం సేస్తాదో నీకు తెలీదు తల్లీ. ఆఖరి వంతులో సేతిలో రెండు వానలు పట్టుకుని ఏడిసినోళ్లని సూసినాను."

ఆ చోట ఏం పెట్టాలన్నదే నా తలనొప్పి. రెండు నక్కలా, రెండు పాములా? నక్క చౌక, ఒక గింజకే దిగుతుంది. పాము పందిని కూడా చంపుతుంది గాని రెండు గింజలు అడుగుతుంది. పొద్దున్న నక్కలు పెట్టేదాన్ని, మధ్యాహ్నం పాములు. బొబ్బిలి బస్సు ఎక్కాక కూడా ఒళ్లో కవరు విప్పి మార్చాను. రాజాం దగ్గర బస్సు కుదుపుకి ముక్కలు సీట్ల కింద పడ్డాయి. ముగ్గురు లేచి ఏరి ఇచ్చారు. కండక్టరు పొలం ముక్క ఒకటి చూసి, "ఎంతమ్మా ఎకరం?" అన్నాడు. నవ్వు రాలేదు నాకు. ముప్పైతొమ్మిదే లెక్కకొచ్చాయి. బస్సు దిగేదాకా వెతికితే నలభయ్యోది నా చెప్పు కింద దొరికింది. అది నక్క. సరే అని నక్కలే ఉంచేశాను.

సంత దగ్గర కల్యాణమండపం గది ఒకటి తీసుకున్నారు. పదహారు మందిమి. మొదటి రెండు ఆటలూ నేనేం చేశానో నాకే తెలియనంత వేగంగా అయిపోయాయి. మూడోది టీచరమ్మతో. ఆవిడ బాగా ఆడింది. నా ఎద్దుల మీద వరసగా మూడు పిడుగులు వేసింది. వేసిన ప్రతిసారీ నేను "కూలి" అన్నాను, కూలి మనిషిని వల్లకాట్లో వేశాను, ఎద్దు బతికింది. గెలిచాక ముక్కలు కూడదీసుకుంటూ నా వల్లకాడు చూశాను. ముగ్గురు. అంతకు ముందరి ఆటల్లో నలుగురేసి. తల దించుకుని వేళ్ల మీద లెక్క పెట్టాను. ఆ పూట పదకొండు మందిని చంపాను, ఒక్కరి దగ్గరా చెయ్యి ఆగలేదు. పొలం ఒకటి తీయడానికి వారాలు పట్టిన చెయ్యి ఇది.

నీళ్లు తాగొస్తానని బయటికి పోయి మండపం చుట్టూ రెండుసార్లు తిరిగాను. తమ్ముడు గుమ్మంలో నిలబడి పిలిచాడు. "ఏటప్పా, అలగ తిరుగుతన్నావు? ఆకరాట. బేగి రా."

చివరి ఆటలో నా ఎదుట కూర్చున్నాయన నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం. బొబ్బిలికి దగ్గర పల్లెలో రైతు. ముక్కలు కలుపుతూ నన్ను పరకాయించి చూశాడు.

"నువ్వు మా వైపు నాట్లకొచ్చేదానివి కాదేటమ్మా? పాట బాగా ఎత్తేదానివి."

"వచ్చినాను, బాబూ."

ఆ "బాబూ" నేను అనలేదు. నోరే అనేసింది. దాన్ని మింగలేక కూర్చున్నాను.

"ఇప్పుడు పాడవేటి?"

"అప్పుడు కడుపు కాలి పాడినాను. మీరు ముక్క తియ్యండి."

నవ్వి తీశాడు. మంచివాడే. తొందరలేని మనిషి. పొలం, పొలం, పొలం అని పరుచుకుంటూ పోయాడు. నేను మొదటి వంతులోనే కూలి మనిషిని దింపాను, రెండో వంతులో ఎద్దును, మూడో వంతులో పందిని. ఆయన గాదె ఇరవై నుంచి పదికి, తర్వాత ఆరుకి, తర్వాత రెండుకి దిగింది. మధ్యలో ఒక పిడుగు నా ఎద్దును తీసుకుంది. కూలిని అడ్డం పెట్టొచ్చు, పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే చెప్పలేను. బయట తిరిగిన ఆ రెండు చుట్లు ఇంకా కాళ్లలో ఉన్నాయేమో. తమ్ముడు నా వెనక నిలబడి దగ్గాడు.

ఇప్పుడు నా వైపు ఒక పంది, ఒక కూలి. ఆయన అయిదు పొలాలు పరిచి ఉన్నాడు. ఇంకో వంతు వస్తే ఆరోది పరిచి ఏనుగును దింపుతాడు. చేతిలో ఏనుగు ఉందని ఆయన ముక్కలు పట్టుకున్న తీరే చెబుతోంది. కూలి ఒక్కడే మిగిలితే ఒక కొలత తింటాడు, ఇంకొకటి మిగిలిపోతుంది. పంది బతికితే ఆ రెండూ తిని ఆట ముగిస్తుంది.

ఆయన పిడుగు తీసి నా పంది మీద పెట్టాడు. "ఏటమ్మా?" అన్నాడు.

గదిలో అందరూ మా బల్ల చుట్టూ చేరారు. నాకు ఆ ముక్క మీది మాట చదవకుండానే వినిపిస్తోంది. దాని బదులు చావవచ్చు. చావకపోనూవచ్చు. ఇక్కడ వాడిని బతికించి ఓడిపోతే, ఆ ముక్క అలాగే మొహం లేకుండా ఎన్నాళ్లయినా అచ్చవుతుంది. మార్చాలంటే ఇంకొకడు పోవాలి. పోయేది అట్టముక్కే. తమ్ముడు మొదట్లోనే చెప్పాడు గదా అట్టముక్కేనని.

"కూలి," అన్నాను.

"అలవాటైపోనాదేటి?" అన్నాడాయన. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాటే అన్నట్టు అన్నాడు.

"మీ దగ్గరే నేర్సుకున్నాను," అన్నాను. ఈసారి బాబూ అనలేదు.

నా వంతులో పంది ఆయన గాదె ఖాళీ చేసింది. ఆయన తన చేతిలో ఏనుగును తిప్పి చూపించి, కట్ట సర్దుకుని, నాకు దండం పెట్టి లేచాడు.

గెలవడం తేలికైన పని. రాయడం చాతకాలేదు. వారం రోజులు కాగితాలు చింపాను. ముందు ఇలా రాద్దామనుకున్నాను: కూలి మనిషి ఎవరి బదులూ చావడు. రాశాను. రాసి చదువుకున్నాను. ఇలాంటి ముక్కను కట్టలో ఎవరు పెట్టుకుంటారు? నేనే పెట్టుకోను. ఒక గింజ పెడితే ఒక కొలత తిని ఊరుకునేది నాకెందుకు? ఆ ఆలోచన నాలోకి ఎప్పుడొచ్చి కూర్చుందో తెలియదు గాని, ఎంత తోసినా పోలేదు. నాట్లేసిన మనిషి ఒకటి రాయమంటోంది, ఆట ఆడే మనిషి కొట్టేస్తోంది. కూర్చోలేక లేచి ప్రెస్సు ఊడ్చాను. ఊడ్చిందే మళ్లీ ఊడ్చాను.

చివరికి రెండు మాటలు రాసి తమ్ముడి చేతిలో పెట్టాను. "కూలి మనిషి ఎవరి బదులైనా చావవచ్చు. పొద్దు గూకేసరికి ఇంటికి రావాలి."

"ఇంటికి రావడమంటే?" అన్నాడు.

"వంతు అయిపోగానే వల్లకాట్లోంచి లేసి, దింపినోళ్ల సేతిలోకి వచ్చేస్తాడు."

"ప్రతి వంతుకా?"

"పని ప్రతి రోజూ ఉంటాది. ఇంటికి ప్రతి రోజూ రావాలి."

తమ్ముడు బల్ల మీద వేళ్లు కొట్టాడు. "ఒక గింజకి ఇంత బలమంటే ఆట పాడైపోద్దప్పా. నాలుగు గింజలు పెడతాను."

"కూలి రేటు నువ్వు కట్టకు."

"మూడు."

"రాసింది రాసినట్టు అచ్చేస్తానన్నావు."

"మాటలు నీవి, ధర నాది. రెండు. ఇంక బేరమాడకు."

రెండుకు ఒప్పుకున్నాను. పొలం గట్ల మీద ఎన్నో బేరాలాడాను, రెట్టింపు దాకా పోయింది ఇదొక్కటే. మొహం గీయమన్నాను. గీశాడు. ముక్కు నాదే, కాదని అబద్ధమాడాడు. అచ్చు తడి ఆరకముందే వేలు పెట్టి చదివాను. నల్లగా వేలికి అంటింది. ఆ రోజు ఆ వేలు కడగలేదు.

తర్వాత పోటీ అరసవల్లి దగ్గర ఒక లాడ్జి కింది గదిలో పెట్టారు. పదహారు మందిలో పదిహేను మంది కట్టల్లో నా ముక్క నాలుగేసి ఉంది. బొబ్బిలి రైతు కూడా నాలుగు తెచ్చాడు. నాకూ ఆయనకూ మళ్లీ పడింది. ఆయన పిడుగు వేస్తే నా కూలి చచ్చి, పొద్దు గూకి, తిరిగి వచ్చేవాడు. నేను పాము వేస్తే ఆయన కూలి చచ్చి వచ్చేవాడు. ఏనుగు చావదు, పంది చావదు, ఎద్దు చావదు. ఎవరి గాదె దగ్గరికీ ఎవరూ పోలేరు. అరగంట గడువు అయిపోయింది. చుట్టూ అన్ని బల్లల మీదా అదే తంతు. జనం ఆవులిస్తున్నారు. ఒకాయన ఆట మధ్యలో లేచి గుడి చూసుకుని వచ్చాడు. వచ్చేసరికి ఆయన బల్ల మీద ఉన్నవన్నీ ఉన్నట్టే ఉన్నాయి.

"ఏటమ్మా, నీ మనుసులు సావరు, నన్ను సావనియ్యరు," అన్నాడు రైతు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు, లేవబుద్ధీ కాలేదు. గెలవని కట్ట చేతిలో ఉంటే ఒళ్లంతా దురద. వాళ్లు ఇంటికి తిరిగి రావాలని రాసింది నేనే. వస్తుంటే విసుక్కుంటున్నదీ నేనే.

తమ్ముడు రెండు రోజులు నా ఎదుట పడలేదు. మూడో రోజు టీ తెచ్చి పక్కన పెట్టి నిలబడ్డాడు.

"సెప్పు," అన్నాను.

"ఆ ముక్క ఉంటే ఆట ముగియడం నేదప్పా. జనం మానేస్తన్నారు. టీచరమ్మ కూడా అదే అంటన్నాది. పోటీల్లోంచి తీసేద్దాం. ఇంట్లో ఆడుకునేవోళ్లు ఆడుకోవచ్చు."

"పని ఎప్పుడు ముగిసిందిరా?"

"ఇది పని కాదు, ఆట."

నేను టీ తాగాను. వాడు చెప్పింది నిజం. ఆడేదాన్ని కనుక నాకు తెలుసు, వాడికన్నా ముందే తెలుసు. అయినా వెంటనే సరేననలేదు. గ్లాసు కడిగి బోర్లించేదాకా నిలబెట్టాను.

"ఎవులు రాస్తారు బోర్డు?" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. పోటీ బోర్డులన్నీ నేనే రాస్తాను. లావుగా, విడివిడిగా పడతాయి నా అక్షరాలు, దూరం నుంచి కనపడతాయి. ఒక శుభలేఖ అట్ట తీసుకుని, వెనక వైపు స్కెచ్ పెన్నుతో రాశాను: "ఈ పోటీలో చెల్లని ముక్క: ఇంటికొచ్చే కూలి మనిషి." చదివి చూసుకున్నాను. గుమ్మం పక్కన మేకుకు తగిలించాను.

తర్వాత నా కట్ట విప్పి ఆ నాలుగింటినీ తీశాను. ముప్పైఆరు మిగిలాయి. వచ్చే ఆదివారానికి నలభై కావాలి. పౌడరు డబ్బా తెరిచి పొలాల వైపు చూశాను. యంత్రం దగ్గర్నుంచి తమ్ముడు, "పొలాలు పెట్టకప్పా," అన్నాడు, తల తిప్పకుండానే.

పెట్టలేదు. పాత కూలి మనిషి ముక్క చెల్లుతుంది. ఒక గింజే. చచ్చినవాడు తిరిగి రాడు, మొహం లేదు. కుప్పలోంచి నాలుగు ఏరి కట్టలో కలిపాను. నలభై అయ్యాయి. ఇంకోసారి లెక్కపెట్టాను.